వరద సరే, కాలవేదీ?

వీడియో వైరలైతే సరుకు అమ్ముడుపోతుందా? పెంటపాడు పెరట్లోంచి మాదాపూర్ రోడ్డు దాకా చూసొచ్చిన సంగతులు

"అమ్మా, ఆ నూనె ఇంకోసారి పొయ్యవే. ఇందాక ఫోన్లో సరిగ్గా పడలేదు."

"నూనె రెండుసార్లు పోస్తే పచ్చడేం కావాల్రా? నీ ఫోను తింటుందా దాన్ని?"

పశ్చిమ గోదావరి జిల్లా పెంటపాడులో మా పిన్నిగారి పెరడు అది. పొద్దున్న ఏడైనా కాలేదు. పొయ్యి మీద ఇనప మూకుడు, పక్కన పళ్లెంలో వొలిచిన రొయ్యలు. అప్పటికే పసుపూ ఉప్పూ పట్టించి, నీరంతా ఇగిరిపోయేదాకా ఉడకబెట్టి ఉంచింది. మా తమ్ముడు బియ్యం డబ్బా బోర్లించి దాని మీద ఫోను నిలబెట్టాడు. వెనక్కి పడిపోకుండా దన్నుగా కందిపప్పు డబ్బా. నిమిషానికోసారి ఆవిరి పట్టి ఫోను కన్ను మసకబారుతోంది. వాడు తువ్వాలుతో తుడుస్తున్నాడు. ఆ తువ్వాలుకీ నూనె ఉంది కాబట్టి తుడిచేకొద్దీ ఇంకా మసకబారుతోంది.

కిలో రొయ్యలు వొలిస్తే చేతికొచ్చేది దాదాపు అరకిలో. వేయిస్తే అదీ తగ్గుతుంది. ఆ లెక్క వీడియోలో కనపడదు. కనపడేది మరుగుతున్న నూనెలో రొయ్యలు పడ్డప్పుడు వచ్చే చుయ్‌మనే చప్పుడు, కారం కలిపాక తేలే ఎర్రటి తెట్టు, ఆపైన పిన్ని తిట్టు.

ఆ తిట్టే వీళ్ల కొంప ముంచిందో, నిలబెట్టిందో ఇప్పటికీ తేలలేదు. కిందటేడు మావాడు పెట్టిన వీడియోల్లో ఒక్కటి ఎక్కడికో వెళ్లిపోయింది. అందులో పచ్చడి బాగానే ఉంది కానీ, దాన్ని జనం పంచుకున్నది పచ్చడి కోసం కాదు. "మూకుడు దగ్గరికి ఫోను తెస్తే నిన్నే వేయించేస్తా" అని పిన్ని గరిటె ఎత్తింది చూడండి, ఆ నాలుగు సెకన్ల కోసం. రెండ్రోజులు ఫోను ఆగకుండా మోగింది. "ఆంటీ, ఓసారి నన్నూ తిట్టరా?" అని అడిగినవాళ్లున్నారు. ధర అడిగి, వినగానే పెట్టేసినవాళ్లు బోలెడు. ఊరికే శాంపిల్ పంపమన్నవాళ్లూ ఉన్నారు. నిజంగా డబ్బు వేసినవాళ్లకి పంపుదామంటే ఆ వారం మంచి రొయ్య దొరకలేదు. దొరికాక పంపిన మొదటి సీసాలు దారిలో నూనె కారి, అట్టపెట్టె తడిసి, రెండు వెనక్కి వచ్చాయి.

"చూసినోళ్లంతా కొనేస్తే సంతలో ఒక్కడైనా ఖాళీ సంచీతో ఇంటికెళ్తాడంట్రా?" అంది పిన్ని. వైరల్ వీడియోల మీద పెద్ద పెద్ద కంపెనీల వాళ్లు చెప్పే పాఠాలు నేను కొన్ని విన్నాను. ఈ మాట వాటికేమీ తీసిపోదు.

వచ్చిందంతా చేతికి దక్కదన్నది గోదావరి జిల్లాల వాళ్లకి కొత్తగా చెప్పాల్సిన సంగతి కాదు. ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట 1852లో పూర్తయింది. అంతకు ముందూ ఇదే నది ఇక్కడినుంచే పోయేది. వస్తే ఊళ్లు ముంచేది, రాకపోతే నోళ్లు ఎండేవి. ఆ ఆనకట్ట కట్టించిన కాటన్ దొర కొత్తగా నీళ్లేమీ పుట్టించలేదు. ఉన్న నీటికి కాలవ తవ్వాడు, లాకులు పెట్టించాడు, తూముల గుండా బోదెల్లోకి, బోదెల్లోంచి చేలోకి దారి చూపించాడు. వైరల్ వీడియో అచ్చంగా వరద నీరు. ఎప్పుడొస్తుందో తెలీదు, ఎంతొస్తుందో తెలీదు, మూడోనాటికి బురద మిగిల్చి పోతుంది. దాన్ని చేలోకి మళ్లించే కాలవ ముందే తవ్వి ఉంచుకున్నవాడికే పంట.

కచేరీలో తలనొప్పి మందు

ఫోను లేని కాలంలోనూ సరుకుని ఒకరి నుంచి ఒకరికి పాకించే పని చేసినవాళ్లున్నారు. వాళ్లలో పెద్దవాడు మన పక్కవాడే. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారిది కృష్ణా జిల్లా ఎలకుర్రు. 1893లో బొంబాయిలో అమృతాంజనం తయారీ మొదలుపెట్టారు. కొత్త మందు, ఊరూ పేరూ లేని కంపెనీ. ఎవరు కొంటారు? ఆయన సంగీత కచేరీల్లో ఆ మందుని ఊరికే పంచిపెట్టించారు. ఎంత తెలివైన ఎంపికో చూడండి. గంటల తరబడి కూర్చునే జనం, నలుగురితో మాట్లాడే జనం, పక్కవాడు నుదుటికి ఏదో రాసుకుంటుంటే "ఏమిటండీ అది?" అని అడిగే జనం. కచేరీ బాగున్నా బాగాలేకపోయినా మందుకి పని ఉంటుంది. ఒకరి నుంచి ఒకరికి పాకడమంటే అదే. ఆ వ్యాపారం నిలబడ్డాకే 1908లో ఆంధ్రపత్రిక వచ్చింది. తెలుగు పత్రికల చరిత్రలో ఒక పెద్ద అధ్యాయం వెనక ఓ తలనొప్పి మందు ప్రచారం ఉందన్నమాట.

పంతులుగారు పంచింది మందు గురించిన మాట కాదు, మందే. రాసుకుంటే చల్లగా తగులుతుంది, వాసన గుప్పుమంటుంది. నచ్చితే కొంటాడు. ఈనాటి వీడియోకి ఆ ఒక్క అవకాశం లేదు. పిన్ని పచ్చడి వాసన పక్క వీధి దాకా వస్తుంది కానీ ఫోన్లోంచి రాదు. అందుకే వీడియో ఏదో ఒకటి చూపించి ఆ లోటు పూడ్చుకోవాలి. కొందరు పని చూపిస్తారు, కొందరు మనిషిని, మరికొందరు పరిమాణాన్ని.

పరిమాణం మన తాపేశ్వరం వాళ్ల దారి. 2016 సెప్టెంబరులో అక్కడి మిఠాయి వ్యాపారి మల్లిఖార్జునరావు చేయించిన లడ్డు 29,465 కిలోలు తూగి గిన్నిస్ పుస్తకంలోకెక్కింది. అంత లడ్డు ఎవరు కొంటారు? ఎవరూ కొనరు. కానీ ఆ బొమ్మ చూసినవాడు రాజమండ్రి దాటేటప్పుడు అరకిలో తాపేశ్వరం కాజా కొంటాడు. మా చిన్నప్పుడు గూడెంలో, అంటే తాడేపల్లిగూడెంలో, రిక్షాకి మైకు కట్టి సినిమా పేరు అరుచుకుంటూ తిరిగేవాళ్లు. వెనక పిల్లలం పరిగెత్తేవాళ్లం, రంగు కాగితాల కోసం. లడ్డూ ఆ మైకులాంటిదే.

ఈ పాత విద్యకి కొత్త పేరు, వైరల్ మార్కెటింగ్ అన్న మాట, బాగా వాడుకలోకి వచ్చింది 1996లో హాట్‌మెయిల్ మొదలయ్యాక. సబీర్ భాటియా, ఆయన స్నేహితుడు పెట్టిన ఆ కంపెనీ ప్రతి ఉత్తరం అడుగునా "మీరూ ఉచితంగా ఖాతా తెరుచుకోండి" అన్న అర్థం వచ్చే ఒక్క వాక్యం తగిలించింది. ఏడాదిన్నరలో కోటీ ఇరవై లక్షల మంది దాకా చేరారు. తరవాత 2005లో యూట్యూబ్. 2006లో అమెరికాలో మిక్సీలు చేసే బ్లెండ్‌టెక్ కంపెనీ యజమాని తెల్లకోటు వేసుకుని గోళీలు, గోల్ఫు బంతులు, ఆనక ఫోన్లు కూడా మిక్సీలో వేసి పొడి చేసి చూపించాడు. మొదటి వీడియోల ఖర్చు యాభై డాలర్లట. అమ్మకాలు కొన్ని రెట్లు పెరిగాయి.

2009లో ఎవియన్ అనే మంచినీళ్ల సీసాల కంపెనీ, పసిపిల్లలు చక్రాల బూట్లతో గంతులేసే ప్రకటన చేసింది. ఆన్‌లైన్‌లో అత్యధికులు చూసిన ప్రకటనగా గిన్నిస్ కెక్కింది. అమ్మకాలు మాత్రం ఆ ఏడాది తగ్గాయని జోనా బర్గర్ అనే మార్కెటింగ్ ప్రొఫెసర్ తన పుస్తకంలో రాశాడు. తేడా మా పిన్ని కూడా చెప్పగలదు. మిక్సీవాడి వీడియోలోంచి మిక్సీ తీసేస్తే ఏమీ మిగలదు. నీళ్లవాడి వీడియోలోంచి నీళ్లు తీసేసినా పిల్లలు గంతులేస్తూనే ఉంటారు. గరిటె ఎత్తి తిట్టిన వీడియోలో రొయ్యల పచ్చడి బదులు గోంగూర ఉన్నా అంతే పాకేది.

పదమూడేళ్లు, ఒక్క మాట

మన తెలుగునాట ఈ మొత్తం వ్యవహారానికి పెద్దబాలశిక్ష కావాలంటే కుమారి ఆంటీ కథ చాలు. ఆవిడ సొంతూరు గుడివాడ. కొల్లేరుకి ఆ వైపు ఊరు, మాకు దాదాపు పొరుగు. హైదరాబాద్ మాదాపూర్‌లో ఐటీసీ కోహినూర్ హోటల్ ఎదురుగా రోడ్డు పక్కన భోజనం అమ్మడం 2011లో మొదలుపెట్టారు. అన్నం, కూరలు, కోడి, మటన్, లివర్. చుట్టుపక్కల ఆఫీసుల కుర్రాళ్లే ఖాతాదారులు. పన్నెండేళ్లపాటు ఆ బండి దగ్గరికి వచ్చినవాళ్లకి తెలుసు, రానివాళ్లకి తెలీదు. చిన్న వ్యాపారం ఎప్పుడూ అంతే.

తరవాత తిండి వీడియోలు తీసే యూట్యూబర్లు వరస కట్టారు. ఒకడు తిని లెక్క అడిగితే ఆవిడ మామూలుగా, రోజూ చెప్పే గొంతుతోనే, మొత్తం ఎంతయిందో చెప్పి "రెండు లివర్లు ఎక్స్‌ట్రా" అన్నారు. ఆ ముక్క పాటైంది, మీమైంది, పెళ్లి పందిళ్లలో డీజే అయింది. జనం ఎగబడ్డారు. కార్లు అడ్డంగా పెట్టారు. 2024 జనవరి 30న ట్రాఫిక్‌కి అడ్డమని పోలీసులు బండి తీయించారు. మర్నాడే ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి కలగజేసుకుని, ఆవిడని అక్కడే అమ్ముకోనివ్వమన్నారు. రోడ్డు పక్క అన్నం బండి గురించి ముఖ్యమంత్రి మాట్లాడాల్సి వచ్చిందంటే ఆ వరద ఎత్తెంతో ఊహించుకోవచ్చు.

ఈ కథని చాలామంది "ఒక్క వీడియోతో దశ తిరిగింది" అని చెబుతారు. నాకు ఆ మాట నచ్చదు. పన్నెండేళ్లు రోజూ పొద్దున్నే లేచి అన్ని కూరలు వండి, మధ్యాహ్నానికి గిన్నెలు ఖాళీ చేసుకునే చెయ్యి అక్కడ ముందే ఉంది. ఎంత బియ్యం వేస్తే ఎంతమందికి సరిపోతుందో ఆ చేతికి తెలుసు. వచ్చినవాడికి పళ్లెంలో పెట్టడానికి అన్నం ఉంది. వీడియో వచ్చింది పదమూడో ఏట. అదే ఆవిడ కిందటి వారమే బండి పెట్టి ఉంటే? ఆ జనాన్ని చూసి మూడో రోజే బండి ఎత్తేసేవారు.

మరో గుడివాడ ఉంది, తెనాలి దగ్గర. అది చిన్న పల్లె. అక్కడి మస్తానమ్మ అవ్వ నూరేళ్లు దాటిన వయసులో, పొలం గట్టున కట్టెల పొయ్యి మీద వండుతూ 2016లో యూట్యూబ్‌లోకొచ్చారు. మనవడి వరస కుర్రాడూ అతని స్నేహితుడూ కలిసి నడిపిన కంట్రీ ఫుడ్స్ ఛానెల్ అది. పుచ్చకాయ డిప్పలో కోడికూర వండితే ప్రపంచమంతా చూసింది. 2018 డిసెంబరులో ఆవిడ కన్నుమూసేనాటికి పది లక్షలమందికి పైగా ఆ ఛానెల్‌కి చందాదారులు. అవ్వ అమ్మిందేమీ లేదు, గమనించండి. పచ్చడి లేదు, పొడి లేదు. ఆవిడ చూపే సరుకు. డబ్బిచ్చింది యూట్యూబ్ ప్రకటనలు. ఈ రెండు వ్యాపారాలనీ మన కుర్రాళ్లు కలగలిపేసి దెబ్బ తింటున్నారు. చూపులతో బతికేవాడికి తిట్టైనా, నవ్వైనా, కొట్లాటైనా ఒకటే, జనం ఆగి చూస్తే చాలు. సరుకు అమ్ముకునేవాడికి ఆగి చూసినవాళ్లలో జేబులో చెయ్యి పెట్టేవాళ్లే లెక్క. మొదటివాడి సలహాలు రెండోవాడు వింటే సీసాలు ఇంట్లోనే ఉండిపోతాయి.

2016 సెప్టెంబరులో జియో చవక ఇంటర్నెట్ రాకపోతే ఈ కథలేవీ లేవని వేరే చెప్పక్కర్లేదు. 2020 జూన్ ఆఖర్లో టిక్‌టాక్ ఆపేసినప్పుడు మా వైపు కుర్రాళ్లు ముఖాలు వేలాడేశారు. పదిరోజుల్లో ఇన్‌స్టా రీల్స్ వచ్చాయి, ముఖాలు లేచాయి.

అల్లుడి విస్తరి

మా జిల్లాల పేరు దేశమంతా పాకించినవాళ్లు వ్యాపారులు కారు, మామగార్లు. 2021 ఆషాఢంలో రాజమండ్రి నుంచి యానాం వియ్యంకుడికి వెళ్లిన సారె గుర్తుందా? టన్ను చేపలు, టన్ను కూరగాయలు, పాతిక పదుల కిలోల రొయ్యలు, మేకపోతులు, కోళ్లు, పచ్చళ్ల జాడీలు లారీల మీద ఊరేగాయి. 2022 సంక్రాంతికి నరసాపురంలో కాబోయే అల్లుడికి 365 రకాలు వడ్డించారు. ఏడాదిలో రోజుకొకటి చొప్పున. మరుసటేడు భీమవరంలో 173 రకాలు. ఆ పైన ఏలూరు వాళ్లూ ఊరుకోలేదు. పాపం ఆ అల్లుడు ఏది తిన్నాడో, ఏది ముట్టుకుని వదిలేశాడో ఏ వీడియోలోనూ కనపడదు. కెమెరా బల్ల చివరిదాకా నడిచి వెళ్లేసరికే వీడియో అయిపోతుంది.

ఆ మామగార్లు ఎవరికీ ఏమీ అమ్మలేదు. మర్యాద చేశారు, కాస్త దర్జా చూపించుకున్నారు, అంతే. కానీ ఆ విస్తళ్ల దయవల్ల హైదరాబాదులోనూ బెంగళూరులోనూ గోదావరి రుచులు అని బోర్డు పెట్టుకున్న ప్రతి హోటలుకీ ఊరికే ప్రచారం దొరికింది. సంక్రాంతికి ముందు ఆత్రేయపురం పూతరేకులకి వచ్చే గిరాకీలో ఆ వీడియోల వాటా ఎంతో విడదీసి చెప్పలేం కానీ, లేదని ఎవరూ అనరు. పూతరేకుకి 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ పేరుకి చట్టం కంచె కట్టింది. మామగారి వీడియో వరదైతే ఆ గుర్తింపు లాకు తలుపు.

వీడియోకి పూతరేకు పుట్టుకతోనే అందగత్తె. బోర్లించిన వేడి కుండ మీద బియ్యప్పిండి జావలో ముంచిన గుడ్డ పరిచి లాగితే పొర లేచి వస్తుంది, దాని గుండా వెలుతురు కనిపిస్తుంది. ఒక్క మాట అక్కర్లేదు, ఒక్క తిట్టు అక్కర్లేదు. ఇందాకటి మిక్సీవాడి సూత్రమే. పని చూపిస్తే సరుకు కనిపిస్తుంది.

మా సరుక్కి వీడియో శత్రువు

ఇక్కడ ఓ ఇబ్బందికరమైన సంగతి చెప్పాలి. పెంటపాడు, గూడెం, తణుకు, ఉంగుటూరు వైపు అసలు బతుకు పచ్చళ్ల మీద లేదు. వడ్లు, గుడ్లు, చేపలు, రొయ్యలు. వడ్లు మిల్లుకి పోతాయి. కొల్లేరు వైపు చెరువుల్లో చేప ఐసుపెట్టెల్లో పడి లారీ ఎక్కి హౌరా వైపు పోతుంది. గుడ్డు రేటు రోజూ జాతీయ గుడ్ల సమన్వయ కమిటీ, నెక్, ప్రకటిస్తుంది. ఈ సరుక్కి పేరు లేదు, ముఖం లేదు. మా రైతు ఎంత బ్రహ్మాండమైన వీడియో తీసినా బస్తాకి రూపాయి కలవదు. పేరు లేని సరుక్కి వైరల్ వీడియో చేసే మేలు సున్నా. కీడు మాత్రం చెయ్యగలదు.

2017 జూన్ గుర్తు తెచ్చుకోండి. అన్నం ముద్ద చేసి నేలకేసి కొడితే బంతిలా ఎగురుతోందని, అది ప్లాస్టిక్ బియ్యమని వీడియోలు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ తిరిగాయి. పరీక్షల్లో ప్లాస్టిక్ తేలలేదు. బాగా జిగురున్న అన్నం ఏదైనా ముద్ద చేసి కొడితే కాస్త ఎగురుతుంది, వండే ఆడవాళ్లకి తెలిసిందే. తరవాత రేషన్ బియ్యంలో పోషకాలు కలిపిన గింజలు రావడం మొదలయ్యాక మళ్లీ అదే గోల. ఇనుము, ఫోలిక్ ఆమ్లం, బి12 కలిపి బియ్యప్పిండితో చేసిన ఆ గింజలు నూటికొకటి చొప్పున కలిపారు. రంగు కాస్త వేరు, నీళ్లలో వేస్తే కొన్ని తేలతాయి. ఇక ఫోను తియ్యి, ప్లాస్టిక్ అను. ప్రభుత్వం కరపత్రాలు పంచింది. కరపత్రం ఎవడు షేర్ చేస్తాడు?

2025 ఫిబ్రవరిలో ఈ బెడద ఇంకా దగ్గరికొచ్చింది. తణుకు పక్కన వేల్పూరు, పెరవలి మండలం కానూరు అగ్రహారం ఫారాల్లో కోళ్లు చచ్చిపోయాయి. భోపాల్ ల్యాబు బర్డ్ ఫ్లూ అని తేల్చింది. అది నిజమైన జబ్బు, పుకారు కాదు. చుట్టూ కిలోమీటరు మేర ఆంక్షలు పెట్టారు. కానీ గోతుల్లో కోళ్లు పడేస్తున్న వీడియోలకి కిలోమీటరు హద్దు లేదు. కాలవల్లో తేలుతున్న కోళ్లు, పాత వీడియోలు, వేరే ఊళ్ల వీడియోలు, అన్నీ కలిసి గోదావరి కోడి అంటేనే జనం మొహం తిప్పేసుకునేలా చేశాయి. బాగా ఉడికించిన మాంసం, గుడ్డు తినొచ్చని డాక్టర్లు చెబుతూనే ఉన్నారు. కోడి కొట్లు మాత్రం ఈగలు తోలుకుంటూ కూర్చున్నాయి.

అప్పుడు కోళ్ల పరిశ్రమ వీడియోకి వీడియోనే విరుగుడుగా వాడింది. గుంటూరులోనూ హైదరాబాద్ ఉప్పల్‌లోనూ మరికొన్ని చోట్లా చికెన్ మేళాలు పెట్టి వేయించిన కోడీ, ఉడికించిన గుడ్లూ ఊరికే పంచారు. జనం కిలోమీటర్ల మేర వరసలు కట్టారు. ఆ తోపులాట వీడియోలే పాకాయి. 2020 ఫిబ్రవరిలో కరోనా పుకారుతో కోడి ధర పడిపోయినప్పుడు కూడా హైదరాబాద్ ట్యాంక్‌బండ్ మీద మంత్రులు వేదికెక్కి చికెన్ ముక్కలు తిని చూపించారు. రెండింట్లో ఏది గట్టిగా పని చేసిందంటే నేను మేళాకే ఓటేస్తాను. మంత్రి తింటే "ఆయనకేం, తింటాడు" అంటారు. వరసలో తోసుకుంటున్న పక్కింటివాణ్ణి చూస్తే "మనమూ తినొచ్చు" అనుకుంటారు. పంతులుగారి కచేరీ ఎత్తుగడే మళ్లీ వచ్చిందని గమనించే ఉంటారు. వాసనా, ముక్కా చేతికిచ్చారు.

భయం వీడియోలు అంత వేగంగా పాకడానికి కారణముంది. కోపం, భయం, ఆశ్చర్యం ఈ మూడూ కాళ్లున్న భావాలు, దిగులుకి కాళ్లు లేవు. ఇందాక చెప్పిన బర్గర్, క్యాథరిన్ మిల్క్‌మన్ కలిసి న్యూయార్క్ టైమ్స్ వార్తల మీద చేసి 2012లో అచ్చేసిన అధ్యయనం సారం దాదాపు ఇదే. మనిషిని కదిలించి కుదిపేసే భావం ఉన్న వార్తని ఎక్కువమంది పంపుకుంటారు. ఉడికిన కోడి సురక్షితం అన్న వాక్యంలో ఏ భావమూ లేదు. అందుకే అది ఆస్పత్రి గోడ మీదే ఉండిపోతుంది.

కోపానికి కాళ్లుంటాయని పచ్చళ్ల వ్యాపారులకి 2025 ఏప్రిల్‌లో తెలిసింది. రీల్స్‌తోనే పేరు తెచ్చుకున్న రాజమండ్రి పచ్చళ్ల సంస్థ ఒకటి, ధర ఎక్కువుందన్న కొనుగోలుదారుకి వాట్సాప్‌లో బూతులతో వాయిస్ మెసేజ్ పంపిందని ఆడియో బయటికొచ్చింది. వీడియోలు ఎన్నాళ్లు కష్టపడి పేరు కట్టాయో, ఆ గొంతు అన్ని గంటల్లో దాన్ని కూల్చింది. అమ్మకాలు ఆపేసుకునే దాకా వెళ్లింది. మా పిన్ని తిట్టు వైరలైతే నవ్వారు, వాళ్ల తిట్టు వైరలైతే తలుపులు మూసుకున్నారు. ఈవిడ తిట్టింది కొడుకుని. వాళ్లు తిట్టింది డబ్బిచ్చేవాడిని. ఈ తేడా గీత ఎంత సన్ననిదో తెలిసి పిన్ని ఇప్పుడు ఫోన్లో గొంతు బాగా తగ్గించి మాట్లాడుతోంది.

కోత లేని వీడియో

వీడియో చూసి సరుకు కొనడంలో మా వైపు అసలైన ఉద్దండులు ఎవరో చెబితే పత్రికలో రాయొచ్చా అని సందేహించాను. పందెంకోళ్ల వాళ్లు. కోడిపందెం చట్టరీత్యా నేరం, కత్తి కట్టడం క్రూరం, నాకు ఆ సరదా లేదు. కానీ 2025 సంక్రాంతికి మా గూడెంలోనే ఒక్క పందెం కోటీ పాతిక లక్షలకి జరిగిందని పత్రికలన్నీ రాశాయి. అంత డబ్బున్న చోట కొనేవాడి కన్ను ఎలా పని చేస్తుందో చూడటంలో తప్పులేదు.

పుంజుని అమ్మేవాడు వాట్సాప్‌లో వీడియో పంపుతాడు. కొనేవాడు పాట పెట్టిన వీడియో ముట్టుకోడు. అతికించిన ముక్కలు ముట్టుకోడు. నడక, మెడ తిప్పడం, ఎగిరి దిగేటప్పుడు కాలు ఎలా ఆనుతుందో నెమ్మదిగా తిప్పి చూస్తాడు. "మధ్యలో కొయ్యకుండా తీసింది పంపించండి" అంటాడు. చివరికి పుంజు కోసం కాకుండా, దాన్ని పెంచిన మకాం పేరు చూసి డబ్బు వేస్తాడు. పచ్చడి కొనే జనం ఈ మాత్రం జాగ్రత్తగా ఉంటే సగం రీల్స్ వ్యాపారులు ఈపాటికి వేరే పని చూసుకునేవాళ్లు. బెట్టింగ్ యాప్‌లకి ప్రచారం చేసి 2025 మార్చిలో హైదరాబాద్ పోలీసు కేసుల్లో ఇరుక్కున్న పేరున్న యూట్యూబర్లని నమ్మి ఇంతమంది మునిగేవాళ్లూ కాదు. డబ్బు తీసుకుని చేసిన ప్రచారమైతే ఆ సంగతి చెప్పి తీరాలని ప్రకటనల ప్రమాణాల మండలి 2021లోనే నియమం పెట్టింది. ఎంతమంది చెబుతున్నారో మీ ఫోన్లో మీరే లెక్కపెట్టుకోండి.

కొల్లేరు దగ్గర ఇంకో రకం మోసం, ఎవరి తప్పూ లేని మోసం. ఆటపాకలో గూడబాతులు వాలే డ్రోన్ వీడియో చూసి ఎక్కడెక్కడినుంచో బండ్లేసుకుని వస్తారు. వచ్చేది వేసవి సెలవుల్లో. పక్షుల కాలం చలికాలం. ఎండలో బీటలువారిన గట్టు మీద నిలబడి ఫోన్లో అదే వీడియో మళ్లీ చూసుకుని వెళ్లిపోతారు. ఆ వీడియో కింద నెల పేరు ఒక్కటి రాసి ఉంటే సరిపోయేది.

ఇక పిన్ని సంగతి. మొదటి వరదలో వచ్చినవాళ్లలో చాలామంది కొట్టుకుపోయారు. రెండోసారి అడిగినవాళ్ల పేర్లు మాత్రం పిన్ని పాల పద్దు రాసే పుస్తకంలో వెనకనుంచి రాసుకుంది. ఎవరికి కారం తక్కువ కావాలో, ఎవరింట్లో వెల్లుల్లి తినరో, ఎవరు సీసా అడిగారో, ఎవరు ప్యాకెట్ చాలన్నారో. తమ్ముడు వాళ్లతో ఓ వాట్సాప్ గుంపు పెట్టాడు. మంచి రొయ్య దొరికిన రోజే అందులో ఒక ముక్క పడుతుంది: "రేపు పెడుతున్నాం." ఎన్ని కిలోలో కూడా ముందే రాసేస్తాడు. సాయంత్రానికి అయిపోతుంది. ఆ గుంపులో పెట్టే వీడియోలు చూస్తే మీకు నిద్రొస్తుంది. మూత బిగించడం, మూతకింద ప్లాస్టిక్ కాగితం వెయ్యడం, సీసాని తలకిందులుగా పావుగంట ఉంచి చూడటం. ఒక్క నూనె చుక్క కారలేదని చూపించడం. ఆ వీడియోలకి పాట లేదు, తిట్టు లేదు, లైకులూ లేవు.

మావాడికి మాత్రం ఇంకా ఆశ చావలేదు. అందుకే ఇవాళ మళ్లీ నూనె రెండోసారి పొయ్యమంటున్నాడు.

పిన్ని పొయ్యలేదు. మెంతిపిండి చల్లి, మూకుడు దింపి, చేతులు కడుక్కుంది. ఇంతలో కొత్త నంబరు నుంచి ఫోను. స్పీకర్లో పెట్టాడు వాడు. అవతల ఎవరో నడివయసు గొంతు, తెలంగాణ యాస. వీడియో చూశామని, ఐదు కిలోలు కావాలని, పెళ్లి ఉందని. వాడి కళ్లు మెరిశాయి.

"ఐదు కిలోలు వద్దమ్మా ఇప్పుడే," అంది పిన్ని. "పావుకిలో పంపిస్తాను, తిని చూడండి. మీ వైపు పులుపు వేరు. నచ్చితే పెళ్లి పదిరోజులుందనగా చెప్పండి, నిమ్మకాయ మార్చి పెడతాను. పెళ్లెప్పుడన్నారూ?"

వాడు తలపట్టుకుని, డబ్బా మీంచి ఫోను తీశాడు. అది ఇందాకటినుంచీ రికార్డవుతూనే ఉంది.